ఉత్త చేతుల దారి

కళ్ళజోళ్ళ షాపు, వెనక గది
ఫిబ్రవరి 6

వదినకి,

ఉత్తరం చూసి ఎవరికేమైందోనని కంగారు పడకు, అందరం బాగానే ఉన్నాం. ఫోన్ చేద్దామని రెండుసార్లు నంబరు నొక్కాను. నువ్వు "హలో" అన్నాక ఏం మాట్లాడాలో తెలియక రెండుసార్లూ పెట్టేశాను. ఆ రాంగ్ నంబర్లు నావే. కాగితం మీదైతే నా నోరు కాస్త అదుపులో ఉంటుంది.

విషయం ఏమిటంటే, మేం కోట చూడ్డానికి వద్దామనుకుంటున్నాం. నేను, ఆయన, పిల్ల, మా అత్తగారు. బళ్ళో పిల్లని కోట బొమ్మ గీసి తెమ్మన్నారు. నాలుగుసార్లు గీసింది, నాలుగుసార్లూ మా వీధి చివరి నీళ్ళ ట్యాంకే వచ్చింది. "చూడకుండా ఎలా గీస్తానమ్మా" అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతోంది. మేనమామ ఇరవై ఏళ్ళు వడ్రంగం చేసిన కోటని పిల్లకి ఒక్కసారీ చూపించలేదేమని మా అత్తగారు కూడా గొంతు కలిపారు.

చిక్కల్లా ఆవిడ మోకాళ్ళతోనే. పది నిమిషాలు నిలబడితే పదకొండో నిమిషం నేల మీద కూర్చుంటారు, అది రాజుగారి సభ అయినా సరే. మా షాపుకి వచ్చే ఒకాయన కొత్త కళ్ళజోడు పెట్టుకుని మీ కోటకి వెళ్ళాడట. మూడు గంటలు వరసలో నిలబడితే, ముందున్నవాడి మెడ మీద పుట్టుమచ్చలు మాత్రం చాలా స్పష్టంగా కనబడ్డాయని చెప్పాడు. నువ్వు టికెట్ల ఆఫీసులో ఉన్నావు కదా, లోపలి సంగతులు నీకు తెలుస్తాయి. ఈ వరస తప్పించుకునే దారేదైనా ఉంటే చెప్పు.

ఒక్క పూట పని. పొద్దున వచ్చి మధ్యాహ్నం బస్సుకి వెళ్ళిపోతాం. నీకేమీ శ్రమ ఉండదు.

కందిరీగ

అన్నయ్య పెట్టిన పేరుతోనే సంతకం పెట్టాను. ఆయన పోయాక ఆ పేరుతో పిలవగలిగింది నువ్వొక్కదానివే.


కోట వెనక వీధి, ఇస్త్రీ షాపు మేడ మీద
ఫిబ్రవరి 14

కందిరీగకి,

అవి రాంగ్ నంబర్లని నేను అనుకోలేదు. ఊపిరి చప్పుడు పోల్చుకున్నాను. మీ అన్నాచెల్లెళ్ళిద్దరూ ముక్కుతో అలాగే పీలుస్తారు.

వరస తప్పించుకునే దారి అడిగావు. మూడేళ్ళుగా ఆ పని నువ్వు బాగానే చేస్తున్నావు, కొత్తగా నేను నేర్పేదేముంది. ఎత్తిపొడుపు అనుకోకు. అడిగిన దానికి జవాబు చెబుతాను.

కోటలో వరసలు నాలుగు. టికెట్ల వరస గురించి బెంగ వద్దు, ఇంటి దగ్గరే ఆన్‌లైన్లో కొనుక్కోండి. తొమ్మిది గంటలది తీసుకుని ఎనిమిదీ నలభైకల్లా ఇక్కడ ఉండండి. మంగళవారం రండి. సోమవారం సెలవు కాబట్టి మంగళవారం రద్దీగా ఉంటుందని తెలివైనవాళ్ళందరూ బుధవారం వస్తారు, అందుకే మంగళవారం ఖాళీ. బస్సు దిగగానే జనం ఎటు పోతే అటు పోకండి. పెద్ద గుమ్మం ఫోటోల్లో బాగుంటుంది, అంతకుమించి దానితో పని లేదు. ఎడమ చేతి గోడ వెంట నూట యాభై అడుగులు వేస్తే తూర్పు గుమ్మం వస్తుంది. తనిఖీ వరస అక్కడ సగం కూడా ఉండదు.

అద్దాల మేడ మెట్ల దగ్గరది ఇంకో వరస. లోపలికి వెళ్ళినవాళ్ళంతా కింద నుంచి చూసుకుంటూ పైకి వెళతారు. మీరు ముందు పైకి వెళ్ళి చూసుకుంటూ కిందికి దిగండి. పెద్దవాళ్ళకి లిఫ్టు ఉంది. బోర్డు ఉండదు, అడిగితేనే చూపిస్తారు. పదింటికి టూరు బస్సులు వచ్చేసరికి మీరు సగం చూసేసి ఉంటారు.

ఇక సంచుల వరస. అదే అన్నిటికన్నా పొడుగు. పర్సు కన్నా పెద్దది ఏది చేతిలో ఉన్నా సంచుల గదిలో ఇచ్చి ఇత్తడి బిళ్ళ తీసుకోవాలి. ఏమీ తేనివాళ్ళకి పక్కనే వేరే దారి ఉంది. ఇక్కడ పనిచేసేవాళ్ళం దాన్ని ఉత్త చేతుల దారి అంటాం. అందులో అసలు వరసే ఉండదు.

నేనుండేది కోట వెనకే, నడిచి ఏడు నిమిషాలు. మేడ మీదికి పద్నాలుగు మెట్లు. మీ అత్తగారికి కష్టమే అనుకో. తిరుగు బస్సు ఎన్నింటికో రాయి.

వదిన


కళ్ళజోళ్ళ షాపు, వెనక గది
ఫిబ్రవరి 27

వదినకి,

నీ ఉత్తరాన్ని ఆయన గళ్ళ కాగితం మీద పటం గీసి గోడకి అంటించారు. తూర్పు గుమ్మం దగ్గర ఎర్ర పెన్సిలుతో బాణం గుర్తు. చూస్తే మేం కోట చూడ్డానికి వస్తున్నట్టు లేదు, పట్టుకోవడానికి వస్తున్నట్టుంది. ఏప్రిల్ 9, మంగళవారం ఖాయం చేశాం. తిరుగు బస్సు పన్నెండుంపావుకి.

ఒక్క దగ్గరే పేచీ వచ్చింది. మా అత్తగారు చేతిసంచి లేకుండా పక్కింటికి కూడా వెళ్ళరు. అందులో మాత్రలు, రెండు కళ్ళజోళ్ళు, ఒక టార్చిలైటు, ఎప్పటిదో కరెంటు బిల్లు ఉంటాయి. ఉత్త చేతులతో రమ్మంటే, ఆభరణాలన్నీ ఒలిచి ఇమ్మన్నట్టు చూశారు. ఎవరింటికీ ఉత్త చేతులతో వెళ్ళకూడదని మా అమ్మ అనేది. కోటకి మాత్రం అలాగే వెళ్ళాలన్నమాట.

పద్నాలుగు మెట్లన్నావు. నిజమే, ఆవిడ ఎక్కలేరు. మళ్ళీ ఇంకెప్పుడైనా చూద్దాంలే.

మూడేళ్ళ సంగతి ఎత్తావు. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమని అన్నయ్య నాకు చిన్నప్పటి నుంచీ చెప్పేవాడు. ఆయన పోయిన రోజునే నోరు జారాను. దాని గురించి ఎలా మొదలుపెట్టాలో తెలియక కరెంటు బిల్లు గురించి రాస్తున్నాను.

కందిరీగ


కోట వెనక వీధి, ఇస్త్రీ షాపు మేడ మీద
మార్చి 8

కందిరీగకి,

మాత్రలు మీ ఆయన చొక్కా జేబులో పెట్టు. కళ్ళజోడు ఒకటి కళ్ళకి ఉంటుంది, రెండోది ఇంట్లో ఉంటుంది. కోటలో దీపాలున్నాయి, టార్చిలైటు అక్కర్లేదు. కరెంటు బిల్లు అడిగినవాళ్ళు ఇంతవరకూ ఎవరూ లేరు.

ఆవిడ మరీ వదలనంటే సంచితోనే రండి. రెండో నంబరు కిటికీ దగ్గరికి వెళ్ళండి. అక్కడ కూర్చునే ఆవిడ మంచిదేనంటారు, మాటకారి కాదు అంతే. కానీ తక్కువలో తక్కువ నలభై నిమిషాలు పడుతుంది, ఆ మాట ముందే చెబుతున్నాను. నన్నడిగితే మోకాళ్ళ మనిషికి ఉత్త చేతుల దారే మేలు. అడిగినవాళ్ళకి తప్పుడు దారి చెప్పడం నాకు చేతకాదు.

ఏప్రిల్ 9న పొద్దున డ్యూటీ వేయించుకున్నాను. పన్నెండుకి అయిపోతుంది. ఊరికే చెబుతున్నాను.

ఇంట్లో రెండే కప్పులుండేవి, ఒకదానికి పిడి విరిగింది. మొన్న నాలుగు కొన్నాను. అరడజను కొనమని షాపువాడు అన్నాడు గాని నాలుగు చాలన్నాను.

వదిన


కళ్ళజోళ్ళ షాపు, వెనక గది
ఏప్రిల్ 1

వదినకి,

తొందరలో రాస్తున్నాను, బయట ఇద్దరు అద్దాల కోసం కాచుకుని ఉన్నారు. టికెట్లు కొనేశాం. అత్తగారు ఒప్పుకున్నారు. సంచి బదులు నా చెయ్యి పట్టుకుంటానన్నారు, ఆవిడకి చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా.

నువ్వు డ్యూటీలో ఉంటావు, పనిలో నిన్ను ఇబ్బంది పెట్టం. దారిలో కనబడితే చెయ్యి ఊపుతాం.

కందిరీగ


కళ్ళజోళ్ళ షాపు, వెనక గది
ఏప్రిల్ 13

వదినకి,

నీ దారికి దండం పెట్టాలి. ఎక్కడా ఒక్క క్షణం నిలబడలేదు. తూర్పు గుమ్మం దగ్గర మా ముందు ఇద్దరే ఉన్నారు. లిఫ్టు అడిగితే గార్డు ఆశ్చర్యపోయి, ఇది మీకెవరు చెప్పారన్నాడు. మాకు లోపల మనుషులున్నారని మా అత్తగారు గొప్పగా చెప్పారు. పైనుంచి కిందికి దిగుతుంటే, ఎదురుగా ఎక్కుతున్న జనాన్ని చూసి ఆయన జాలి పడ్డారు కూడా. పదకొండున్నరకల్లా బయట ఉన్నాం. ముప్పావు గంట మిగిలిపోయి, ఏం చెయ్యాలో తోచక బస్టాండు బెంచీ మీద కూర్చున్నాం.

పిల్ల ఈసారి బొమ్మ బాగా గీసింది. తలుపులు మరీ బాగా వచ్చాయి. మామయ్య చేసినవి ఏవో తెలియక అన్ని తలుపులూ గీసేసింది.

నీ కోసం చూశాం గాని నువ్వెక్కడా కనబడలేదు. టికెట్ల ఆఫీసు పెద్ద గుమ్మం వైపట కదా, మేం అటు రానేలేదు. పోనీలే, నీకు పని అడ్డం కాలేదు.

కందిరీగ


కోట వెనక వీధి, ఇస్త్రీ షాపు మేడ మీద
మే 2

కందిరీగకి,

జవాబు రాయడానికి మూడు వారాలు పట్టింది. ఇదివరకే నాలుగు కాగితాలు చింపాను. ఇది చింపను.

నేను టికెట్ల ఆఫీసులో లేను. ఎప్పుడూ లేను. మీ అన్నయ్య పోయాక కోటవాళ్ళు నాకు ఇచ్చిన పని సంచుల గదిలో. నువ్వు టికెట్ల ఆఫీసు అనుకుంటే అనుకోనీలే అని ఊరుకున్నాను, వినడానికి ఆ మాట బాగుంది. రెండో నంబరు కిటికీలో ఉండేది నేనే.

నా కిటికీ పక్కన అద్దం గోడ ఉంది. దాని అవతలే ఉత్త చేతుల దారి. ఎనిమిదీ యాభై ఏడుకి మీరు నలుగురూ అందులోంచి వెళ్ళారు. ముందు మీ ఆయన, వెనక నువ్వు, నీ చెయ్యి పట్టుకుని మీ అత్తగారు. నీ వీపే కనబడింది. భుజం ఒకవైపు వంచి నడుస్తావు, అచ్చం మీ అన్నయ్యలాగే. పిల్ల ఒక్కసారి వెనక్కి తిరిగి చూసింది. ఎంత ఎదిగిందో.

ఆ రోజే ఏదో స్కూలు నుంచి నలభై మంది పిల్లలు వచ్చారు, నలభై సంచులు. వరసలో మనుషులుండగా కిటికీ వదిలి వెళ్ళకూడదు, అది రూలు. పిలుద్దామనుకున్నాను. నీ అసలు పేరు పెట్టి నేనెప్పుడూ పిలవలేదు, నోరు తిరగలేదు. కందిరీగా అని అరిస్తే నలభై మంది పిల్లలూ సంచులు పారేసి పరిగెత్తేవాళ్ళు. అది తలుచుకుంటే నాకే నవ్వొచ్చింది. ఆ నవ్వు అయ్యేలోపు మీరు మలుపు తిరిగారు.

పన్నెండుకి డ్యూటీ దిగి, బిళ్ళల లెక్క అప్పజెప్పి బస్టాండుకి వచ్చాను. బస్సు వెనక భాగం కనబడింది. ఇంటికి వెళ్ళి టీ పెట్టుకుని కొత్త కప్పులో తాగాను. మిగతా మూడూ అలాగే ఉన్నాయి. నువ్వు ముప్పావు గంట బెంచీ మీద తోచక కూర్చున్నావని తరవాత చదివి, నాకు చాలా బాధ కలిగింది. నీకు చెప్పకపోతే ఎవరికి చెప్పుకుంటాను.

ఇంకొకటి కూడా చెప్పాలి. సంచుల గదిలో మూడు వందల పన్నెండు అరలున్నాయి. అవన్నీ మీ అన్నయ్య చేతులతో చేసినవి. సెలవులు మొదలయ్యేలోపు అవి పూర్తి కావాలని పై ఆఫీసరు తొందర పెట్టాడు. చివరి వరస పన్నెండూ చిత్రిక పట్టలేదు, ఇప్పటికీ గరుకుగానే ఉన్నాయి. ఆ పన్నెండింటిలో ఎవరి సంచులూ పెట్టను. ఒక దాంట్లో నా క్యారేజీ పెట్టుకుంటాను.

ఆ రోజు ఇంటి నిండా జనం ఉండగా నువ్వు, "ఛాతీలో నొప్పని తెలిసీ పనికి పంపింది" అన్నావు. నేను జవాబు చెప్పలేదు. చెబుతున్నాను ఇప్పుడు. ఆ పొద్దున ఆయన్ని ఆపాను. వెళ్ళకుండా చెప్పులు ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేశాను. మీ అన్నయ్య సంగతి తెలుసుగా, గుమ్మం దగ్గరున్న నా చెప్పులు వేసుకున్నారు. మడమలు వెనక్కి వేలాడుతుంటే పద్నాలుగు మెట్లూ నవ్వుతూ దిగారు. నాకూ నవ్వొచ్చింది. తలుపు మూసి తాళం వెయ్యాల్సినదాన్ని, నిలబడి నవ్వాను. నా తప్పు అదొక్కటే. నువ్వన్న మాటలో అంత మటుకు నిజం ఉంది.

ఆ చెప్పులు మళ్ళీ నాకు చేరలేదు.

వదిన


కళ్ళజోళ్ళ షాపు, వెనక గది
మే 12

వదినకి,

చెప్పులు నా దగ్గరున్నాయి.

ఆస్పత్రి వాళ్ళు ఆయన వస్తువులిచ్చిన సంచి నేనే అందుకున్నాను, గుర్తుందా, నువ్వు లోపల ఉన్నావు. చొక్కా, గడియారం, కొలత టేపు, ఆడవాళ్ళ చెప్పులు. కంగారులో ఎవరివో కలిపేశారనుకున్నాను. నీవని తరవాత పోల్చుకున్నాను గాని ఎందుకున్నాయో మూడేళ్ళుగా అర్థం కాలేదు. ఎవరికి కళ్ళు ఎంత మసకో చూసి చెప్పడమే నా బతుకుతెరువు, కళ్ళెదుట ఉన్నది మాత్రం చదవలేకపోయాను. అదే రోజు సాయంత్రం ఆ సంచి నీకు ఇవ్వాల్సింది. ఇవ్వాలంటే నీ ఎదురుగా నిలబడాలి. అప్పటికే ఆ మాట అనేసి ఉన్నాను. బీరువా పైన పెట్టి, కిందికి దించలేదు.

నేను కూడా అబద్ధం రాశాను. నువ్వు కనబడలేదని రాశాను కదా. పిల్ల వెనక్కి తిరిగి, "అమ్మా, ఆ కిటికీలో ఉన్నది అత్తయ్య కదూ" అంది. నేను చూశాను. తల దించుకుని బిళ్ళ ఇస్తున్నావు, పాపిట దగ్గర జుట్టు తెల్లబడింది. "కాదులే, నడువు" అని దాని చెయ్యి పట్టుకుని లాగాను. మా అత్తగారి మోకాళ్ళు ఆ నాలుగు అడుగులూ పరిగెత్తాయి. బస్టాండులో ముప్పావు గంట ఏం తోచక కూర్చోలేదు వదినా. లేవడానికి ధైర్యం లేక కూర్చున్నాను.

నువ్వు అంత చక్కగా దారి చెబుతుంటే నేను వేరేగా అనుకున్నాను. గుమ్మం, లిఫ్టు, నిమిషాల లెక్క, పైగా పద్నాలుగు మెట్లు కష్టమేనన్నావు. పొమ్మనలేక పొగబెడుతోంది, తొందరగా చూసి తొందరగా పొమ్మంటోంది అనుకున్నాను. నేను వరస తప్పించమన్నది నిన్ను తప్పించుకోవడానికని నువ్వనుకున్నావు. చూస్తే ఇద్దరికీ కళ్ళజోళ్ళు కావాలి.

నువ్వు నవ్వినందుకు నీ తప్పేమీ లేదు. ఆయన చెప్పులు లేకపోయినా వెళ్ళేవాడు, ఆ మొండితనం నాకు తెలియంది కాదు. తెలిసి కూడా అన్నాను. అన్నయ్య పోయిన బాధ మొయ్యలేక నీ నెత్తిన పడేశాను. ఇంతకన్నా బాగా చెప్పడం నాకు రాదు.

మళ్ళీ వస్తాం, నలుగురం. మా అత్తగారికి ఈ ఉత్తరాలన్నీ చదివి వినిపించాను. పద్నాలుగు మెట్లే కదా, ఒక్కో మెట్టు మీదా కూర్చుని లేస్తానన్నారు. ఆవిడకి వరసలో కూర్చోడానికి మడత కుర్చీ కొన్నాం. ఆవిడ చేతిసంచి ఈసారి టార్చిలైటుతో సహా వస్తోంది. బీరువా మీది సంచి నేను తెస్తున్నాను. ఇందులో ఏముందని నువ్వు అడగాలి కదా, రూలు.

నువ్వు దారులు బాగా చెబుతావు కాబట్టి మళ్ళీ నిన్నే అడుగుతున్నాను. ఏ రోజున, ఎన్నింటికి వస్తే వరస అన్నిటికన్నా పొడుగ్గా ఉంటుంది?

కందిరీగ


కోట వెనక వీధి, ఇస్త్రీ షాపు మేడ మీద
మే 21

కందిరీగకి,

ఆదివారం రండి. జూన్ 16, సెలవుల్లో అన్నిటికన్నా రద్దీ రోజు. పదకొండింటికి బస్సు దిగి జనం ఎటు పోతే అటు పొండి. పెద్ద గుమ్మంలోంచే రండి. రెండో నంబరు కిటికీ ముందు గంటన్నర తక్కువ పట్టదు. మీ వంతు వచ్చేదాకా నేను మీ మొహాలు చూస్తూ ఉంటాను.

సంచి ఇచ్చినవాళ్ళు బిళ్ళ పట్టుకుని మళ్ళీ నా దగ్గరికే రావాలి. ఇక్కడి రూళ్ళలో నాకు నచ్చింది అదొక్కటే. ఆ రోజు డ్యూటీ మూడింటిదాకా వేయించుకుంటాను, మీరు తిరిగి వచ్చేసరికి దిగి, గది బయటే ఉంటాను. కలిసి ఇంటికి వెళదాం. మొన్న ఇంకో కప్పు కొన్నాను, ఐదయ్యాయి.

ఆ సంచి మూడు వందల ఒకటో అరలో పెడతాను. అది గరుకుగా ఉంటుంది, గుడ్డ సంచి అయితే పీచు లేస్తుందేమో. లేస్తే లేవనీ.

ఉత్త చేతులతో మాత్రం రాకు.

వదిన